స్తంభం చుట్టూ వదిలిన సందు

నాన్నా, నువ్వు సందు పూడ్చేశావు.

నేను షిఫ్టులో ఉన్నప్పుడు, నాతో ఒక్క మాట చెప్పకుండా, పిల్లరుకీ గచ్చుకీ మధ్య నేను కావాలని వదిలిన సందులో సిమెంటు కూరావు. దాని మీద నా రేకు చుట్టుని మళ్ళీ ఎప్పటిలా బిగించావు. ఆ తర్వాత సంచీ భుజాన వేసుకుని బండెక్కేశావు. క్షేమం అని రాయాల్సిన చోట ఇది రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు మాత్రం క్షేమంగానే ఉండి ఉంటావు. ఇంత పని చేసి కూడా తీరిగ్గా రెండు పేజీల ఉత్తరం రాశావంటే ఉన్నట్టేగా.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నాకు కోపం వచ్చే మాట దగ్గరికి రాగానే నీకు "హలో, హలో, వినపడట్లేదమ్మా" మొదలవుతుంది. నువ్వు చేసే సొరంగం పనిలో సిగ్నలు ఉండదన్నది నిజమే. కానీ నన్ను షాపులో మెయిన్ వెల్డరుని చేశారని చెప్పిన రోజు ఆ సిగ్నలు భేషుగ్గా ఉంది. ఉత్తరాన్ని మధ్యలో కట్ చేయలేవు. కూర్చుని చదువు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాసేస్తాను. కుళాయి కారడం ఆగింది, వాషరు మార్చాను. పెరటి గోడ మీద పగులు పెరగలేదు, నువ్వు పెన్సిలుతో గీసిన గీత దగ్గరే ఉంది. ముఖానికి అద్దం లేకుండా వెల్డింగు పెట్టొద్దన్నావు. పెట్టడం లేదు, కళ్ళ సంగతి ఈ ఇంట్లో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక చివర్లో రాశావు చూడు: "మీ అమ్మ ఆ గ్రహాన్ని చూసేసింది కదా, సంతోషం. ఇక ఆ గది ఖాళీగా ఎందుకు, పాత సామాను పెట్టుకోండి" అని. ఆ ముక్కకి జవాబే ఈ ఉత్తరమంతా.

మొదటి నుంచీ చెబుతాను. ఎందుకంటే నువ్వు మర్చిపోయినట్టు నటిస్తున్నావని నా అనుమానం.

నా చిన్నప్పటి సైన్సు పుస్తకంలో చుట్టూ వలయం ఉన్న గ్రహం బొమ్మ ఉండేది. అమ్మ నాకు పాఠం చదివి పెట్టేటప్పుడల్లా ఆ పేజీ దగ్గర ఆగి, "ఇది నిజంగా ఇలాగే ఉంటుందంటావా, బొమ్మ గీసినవాడి సరదానా?" అనేది. నేను నవ్వేదాన్ని. తర్వాత కళ్ళ డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. చూపు నడిమధ్య పోయింది, చుట్టూ కాస్త మిగిలింది, ఆ మిగిలింది కూడా ఎంతకాలం ఉంటుందో చెప్పలేను అన్నాడాయన. బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాక నువ్వు నేలకేసి చూస్తూ ఏమన్నావో గుర్తుందా? "ఈ టైల్సు ఎవడు వేశాడో గానీ ఒట్టి చేతకానివాడు" అన్నావు. అంతే. బస్సులో అమ్మే మాట్లాడింది. "చూడాల్సినవి చాలావరకు చూసేశాలే. ఆ వలయం సంగతి ఒక్కటే తేలకుండా మిగిలిపోయింది" అంది. అది నవ్వుతూ అన్న మాట. అయినా నువ్వు కిటికీ వైపు తిరిగిపోయావు.

అప్పటికి నేను షాపు అయ్యాక ఇంట్లో గాజు పళ్ళెం అరగదీస్తూ టెలిస్కోపుకి అద్దం చేసుకుంటున్నాను. నాకు ఎవరూ నేర్పలేదు. పుస్తకం చదవడం, పాడుచేయడం, మళ్ళీ చదవడం. ఆ రోజు నుంచి అది సరదా కాకుండా పోయింది. అమ్మ చూపు ఉండగా ఆ గ్రహాన్ని చూపించాలి. ఈ ఇంట్లో జరిగిన గొడవంతా దానికోసమే.

టెలిస్కోపుని దేని మీద నిలబెట్టాలన్న దగ్గర మనిద్దరం ఎంత కొట్టుకున్నామో! డాబా మీద పెట్టేద్దాం, పని తేలిక అన్నావు. నేను పళ్ళెంలో నీళ్ళు పోసి డాబా మీద పెట్టి, అమ్మని పక్కనే నడవమన్నాను. నీళ్ళు వణికాయి. నువ్వు ఒంగుని చూసి "నా స్లాబు అంత పల్చగా ఏం లేదు" అని అలిగావు. అలిగినా మర్నాడు పొద్దున్నే గునపం పట్టుకుని పెరట్లోకి వచ్చింది నువ్వే. ప్రహరీ పక్కన తవ్వితే అంతా ఎప్పుడో పోసిన వదులు మట్టి, పగిలిన సీసాలు, ఎవరిదో ఒంటి చెప్పు. "రెండోది దొరికేదాకా తవ్వుదామా?" అన్నావు. బట్టలారేసే తీగ కింద తవ్వితే బంకమన్ను. ఎండకి పగులుతుంది, వానకి ఉబ్బుతుంది, దాని మీద ఏం పెట్టినా పక్కకి ఒరుగుతుందని నువ్వే కొట్టేశావు. స్నానాల గది గోడ పక్కన గునపం ఠంగుమంది. గట్టి మొరం. నువ్వు అరచేత్తో ఆ నేలని చరిచి "ఇదీ నేలంటే" అన్నావు. ఆ క్షణంలో నీ ముఖం నాకు చాలా ఇష్టమనిపించింది. కోపంలో ఉన్నాను గానీ అది దాచను.

చోటు కుదిరాక అసలు తగువు మొదలైంది. పైకప్పు జరిపి తెరిచే టెలిస్కోపు గది మొత్తానికి ఒకే మందపాటి పునాది పోసి, దాని మీద పిల్లరు లేపుదాం అని నువ్వు. కాదు, పిల్లరుకి దాని పునాది దానికే ఉండాలి, చుట్టూ వేసే గచ్చు దాన్ని తాకకూడదు, మధ్యలో రెండు వేళ్ళు పట్టే సందు వదలాలి అని నేను.

"పిల్లరు వేరు, గచ్చు వేరా? ఒకే గదిలో వేరు కాపురాలేంటే?" అన్నావు.

"వేరు కాపురమే. గచ్చు మీద మనం నడుస్తాం. ఆ అదురు పిల్లరుకి ఎక్కకూడదు."

"సందు చూసినవాడు ఏమనుకుంటాడు? మేస్త్రీకి చేతకాక వదిలేశాడనుకుంటాడు."

"మన పెరట్లో ఎవడు చూస్తాడు నాన్నా?"

"నేను చూస్తాను."

అమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. "శని వదిలితే చాలని లోకమంతా ఏడుస్తుంటే, ఈ ఇంట్లో తండ్రీ కూతుళ్ళు శనిని పట్టుకోవడానికి పునాదులు తవ్వుతున్నారు" అంది. ముగ్గురం నవ్వాం. ఈ ఇంట్లో ముగ్గురం కలిసి నవ్వింది మళ్ళీ లేదు.

మా పనిలో రెండు ప్లేట్లు అతకాలంటే మధ్యలో సన్నటి సందు వదిలి పెట్టాలి. వదలకపోతే వెల్డు పైపైనే పడుతుంది, లోపలికి దిగదు. నీ పనిలో సందు కనిపిస్తే సిగ్గు. నీ వయసంతా సందులు పూడ్చడంలోనే గడిచింది, గోడకీ గోడకీ, గోడకీ కిటికీకీ. అది తెలిసే నేను మూడు రోజులు నీతో వాదించాను. చివరికి "సరే, నీ ఇష్టం, నీ గది" అని కాంక్రీటు కలిపావు. మొరంలోకి గుంత దింపి, అడుగున వెడల్పుగా, పైకి సన్నగా పోశాం. నిటారుగా వచ్చిందా అని నువ్వు రసమట్టం పెట్టి ఎన్నిసార్లు చూశావో లెక్కలేదు. అమ్మ గోనె పట్టాలు తడిపి తెచ్చి పిల్లరుకి చుట్టింది. చుట్టి, "జ్వరం వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు" అంది. సందులోకి చెత్తా పురుగూ పడకుండా నేను పల్చటి రేకుతో చుట్టు కోసి, గచ్చు వైపు మాత్రమే మేకులు కొట్టి మూత వేశాను. నువ్వు పనికి వెళ్ళిపోయావు. మళ్ళీ సెలవుకి వచ్చినప్పుడు గచ్చు పైపూత పూర్తి చేస్తానన్నావు. వచ్చావు, చేశావు, వెళ్ళావు. నేను ఆ వారం డబుల్ షిఫ్టుల్లో ఉన్నాను. నీతో సరిగ్గా కూర్చుని మాట్లాడింది కూడా లేదు.

నువ్వు వెళ్ళాక, నేను వెల్డు చేసిన స్టాండు బిగించి టెలిస్కోపుని పిల్లరెక్కించాను. పొద్దు గూకగానే పడమట ఆ గ్రహం కనిపిస్తుంది. అమ్మని స్టూలు మీద కూర్చోబెట్టాను. నాన్నా, ఇది నువ్వు సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఆ గ్రహం టెలిస్కోపులో ఒకచోట నిలబడదు, మెల్లగా పక్కకి జారిపోతుంది. మనకి మోటారు లేదు. కాబట్టి ఒకరు పక్కనే నిలబడి గొట్టాన్ని వెంట్రుకవాసి తోస్తూ ఉండాలి. అమ్మ సూటిగా చూస్తే ఏమీ కనిపించదు. కొంచెం పక్కకి చూసి, ఊపిరి బిగబట్టి, ఓపిగ్గా ఆగితే చూపు అంచులోకి మెల్లగా వస్తుంది, బెదురు పిల్లి గుమ్మంలోకి వచ్చినట్టు. అది వచ్చే సమయానికి నేను కాలు మార్చి వేస్తే మొత్తం వణికేది. నాకైతే రెండు క్షణాల్లో వణుకు ఆగుతుంది, మళ్ళీ కనిపిస్తుంది. ఆమెకి మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఆమె వెతుక్కునేలోపు గ్రహం జారిపోతుంది, నేను తోయాలి, తోయడానికి కదలాలి, కదిలితే వణుకు.

నేను బయటికి వెళ్ళిపోతే వణకదు. కానీ తోసేవాళ్ళు ఉండరు.

తప్పు నా స్టాండులో ఉందనుకున్నాను. సందు ఉందిగా, నాన్న పోసిన పిల్లరు కదలదుగా, ఇక కదిలేది నా వెల్డే అనుకున్నాను. విప్పి షాపుకి మోసుకెళ్ళి, కోసి, అదనంగా ఇనుప బద్దలు వేసి మళ్ళీ అతికాను. మళ్ళీ వణికింది. మళ్ళీ కోశాను. మా షాపులో ఒక ముసలి ఫిట్టరు ఉన్నాడు, చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుందనీ, నోరు తెరిస్తే ఆపడనీ రెండు విధాలా ఆయన్ని సుత్తి అనే పిలుస్తాం. "ఇంకాస్త ఇనుము వేశావంటే దీని మీద రైలింజను నిలబెట్టొచ్చు" అని అందరి ముందూ వెక్కిరించాడు. నేను తల దించుకున్నాను. నా పనిని నేనే అనుమానించాను. నీ పనిని అనుమానించాలని తోచలేదు.

అంతలో నీ ఉత్తరం వచ్చింది. చదివి వినిపించాను. అమ్మ "నాన్న చెప్పాడుగా, విప్పేయ్. పాత మంచం అందులో పడేద్దాం" అంది. విప్పడానికి వెళ్ళాను. ఆ రేకు దేనికైనా పనికొస్తుందని మేకులు పీకి పైకి లేపితే, కింద సందు లేదు. సిమెంటు ఉంది. రేకు కప్పేశాక ఎవరూ చూడని చోట కూడా తాపీ తిప్పి, నున్నగా, అద్దంలా చేశావు. సుత్తితో గచ్చు మీద తట్టాను, పిల్లరు మీద తట్టాను. ఒకటే మోత.

అమ్మ మీద అరిచాను. "చూశావా ఆయన చేసిన పని! చెప్పకుండా పూడ్చేసి పైన మూత పెట్టి పోయాడు. దొంగతనం కాకపోతే ఏంటిది?"

"తిట్టకే" అంది. "నేను పడ్డాను."

"ఎక్కడ?"

"ఇక్కడే. గది ఊడుద్దామని వచ్చి, నీ రేకు మీద కాలేస్తే లోపలికి వంగిపోయింది. వేళ్ళు ఇరుక్కుని బోర్లా పడ్డాను."

"ఆ వారం కాలికి కట్టు చూసి అడిగితే గడప తగిలిందన్నావు కదా!"

"గడపైతే ఎవర్నీ అనేది ఉండదని."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ నాన్న వద్దన్నాడు. 'అది చేసిన రేకు. తెలిస్తే గదే పడగొట్టేస్తుంది, నోరు మూసుకో' అన్నాడు. నీ రేకుని సుత్తితో తట్టి సాపు చేసి మళ్ళీ అక్కడే పెట్టాడు."

నాన్నా, నా రేకు పల్చగా ఉంది. అమ్మ కాలు పడితే వంగింది. అది నాకు చెప్పాలి! చెబితే మందం ప్లేటు కోసి, అంచులు సానపట్టి, గచ్చుతో సమానంగా దించేదాన్ని, మధ్యాహ్నం టీకి ముందే అయిపోయే పని. నా పనిలో తప్పుంటే నా ముందు పెట్టు. తిట్టు, రేకు నా ముఖాన విసురు. మా షాపులో అందరూ నాకు అలాగే నేర్పారు. నువ్వొక్కడివే దాన్ని పూడ్చి, నున్నగా చేసి, మూత పెట్టి పోయావు. నేనింకా పాలు తాగే పిల్లననుకున్నావా?

ఇప్పుడు నేను దాచినది రాస్తాను. అమ్మ చూడలేదు.

ఒక సాయంత్రం చాలాసేపు కూర్చుని కూర్చుని, ఉన్నట్టుండి "ఆ, కనిపించిందే! నిజంగానే చుట్టూ ఉంది. ఎంత బాగుందో" అంది. నేను గొట్టం తోయడం ఆపి చాలాసేపైంది. ఆమె కన్ను తీశాక ఒంగి నేనూ చూశాను. అందులో ఏమీ లేదు. గ్రహం ఎప్పుడో జారిపోయింది. ఉత్త ఆకాశం. ఆ ఉత్త ఆకాశంలో కన్ను పెట్టి మా అమ్మ "ఎంత బాగుందో" అంది, నా కాళ్ళు నొప్పులు పుడతాయని. "నాన్నకి రాయి, చూశానని రాయి, ఆయన మనసు కుదుటపడుతుంది" అంది. రాశాను. అబద్ధమని తెలిసి, నా చేత్తో రాశాను. నువ్వు సంతోషం అని జవాబిచ్చావు. ముగ్గురం ఒకరి నుంచి ఒకరం బాగానే దాచుకున్నాం, ఇక దాచడానికి నా దగ్గరేం లేదు.

సిమెంటు పగలగొడతానన్నాను. ఉలి తెచ్చాను. అమ్మ వచ్చి ఆ పిల్లరు పక్కన నేల మీద చతికిలబడింది. "ఆయన మాట లేకుండా ఆయన పని మీద దెబ్బ పడటానికి వీల్లేదు" అంది.

"ఇది నీకోసమే కదమ్మా!"

"ఆయన చేసిందీ నాకోసమే. ఆ రోజు ఏడుస్తూ పూడ్చాడే."

"నువ్వు చూశావా?"

"నాకేం కనిపిస్తుంది చూడటానికి? విన్నాను. తాపీ ఆగి ఆగి నడిచింది. ఆయన తాపీ అలా ఎప్పుడూ ఆగదు. 'నీ కళ్ళకి ఎలాగూ ఏమీ చేయలేను, నువ్వు కాలు పెట్టే చోటన్నా బాగుచేయనీ' అన్నాడు. దాన్ని పగలగొడతానంటావేంటి?"

నేను ఉలి పక్కన పెట్టి ఆమె పక్కనే కూర్చున్నాను. ఆమె చేయి పిల్లరు మీద ఉంది. దాన్ని మెల్లగా నిమురుతోంది, మొదటి రోజు గోనె చుట్టినప్పటిలాగే. చూడలేని మనిషి వేళ్ళతో నీ పనితనం చూస్తోంది నాన్నా. నాకు ఏడుపొచ్చింది. ఆమె నా వైపు తిరిగి, సరిగ్గా నా ముఖం ఎక్కడుందో తెలియక నా చెవి తుడిచింది.

ఇది చదివి నా కోపం చల్లారిందనుకోకు. నీ సెలవులు ప్రతిసారీ ఎందుకు కుదించుకుపోతున్నాయో నాకు తెలుసు. నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు ఆమె గ్లాసు కోసం బల్ల మీద తడుముకుంటుంటే, నువ్వు లేచి పెరట్లోకి వెళ్ళిపోతావు. ఆ తడుములాట నేను రోజూ చూస్తున్నాను. నాకు వెళ్ళడానికి సొరంగం లేదు.

ఆ గ్రహం రోజురోజుకీ పడమటికి దిగుతోంది. నెలాఖరుకి సంధ్య వెలుగులో మునిగిపోతుంది. మళ్ళీ సాయంత్రం పూట పైకొచ్చేసరికి చాలా నెలలు పడుతుంది. ఈమధ్య అమ్మ తలుపు అంచుని కూడా తడుముతోంది, ఇదివరకు అది కనిపించేది. కాబట్టి మళ్ళీసారి అనే మాట నా దగ్గర అనొద్దు. ప్లేటు కోసి, అంచులకి రబ్బరు బిగించి పెట్టాను. నేనే దాని మీద ఎగిరి చూశాను, వంగలేదు. సిమెంటు తీయడం ఒక్కటే మిగిలింది. పిల్లరుకి దెబ్బ తగలకుండా తీయడం నీకు బాగా తెలుసు, నాకు సగమే తెలుసు.

నాకు నీ నుంచి కావాల్సింది ఇది. వచ్చి నీ చేత్తో ఉలి పట్టుకో, ఆ సాయంత్రం ఆమె పక్కన నిలబడి గొట్టం తోయి, ఆమె నిజంగా ఏం చూస్తుందో నీ చెవులతో విను. రాలేకపోతే, "పగలగొట్టు" అని ఒక్క మాట నీ చేత్తో రాసి పంపు, అమ్మకి చదివి వినిపిస్తాను. నీ మనిషో నీ మాటో, ఇరవయ్యో తారీఖు సాయంత్రానికి ఏదో ఒకటి ఈ ఇంటికి చేరాలి. చేరకపోతే ఇరవై ఒకటి పొద్దున ఉలి పెడతాను, అమ్మ అడ్డం కూర్చున్నా ఆగను. ఆ దెబ్బలన్నీ ఆమె వింటుంది. నువ్వు ఒప్పుకున్నావని తెలిసి వినాలో, నువ్వు నోరు విప్పలేదని తెలిసి వినాలో తేల్చి, ఇరవైలోగా చెప్పు.

ఇట్లు,
కోపం అలాగే ఉన్న
నీ కూతురు